కాలనీ రోడ్డుకు రాత్రిపూట గేటు: రక్షణా, ఆక్రమణా?

మూడోవీధి (చర్చ ప్రారంభించినవారు)

మాది హైదరాబాద్‌లో కాప్రా అవతల పాత లేఅవుటు. అపార్ట్‌మెంట్లు తక్కువ, సొంత ఇళ్లు ఎక్కువ, మధ్యమధ్యలో ఖాళీ ప్లాట్లు. సంక్రాంతికి సగం కాలనీ ఊళ్లకు వెళ్లినప్పుడు రెండిళ్ల తాళాలు పగిలాయి. ఆ తర్వాత కొద్ది రోజులకే ఎవరో రాత్రివేళ ట్రాలీ తెచ్చి, పార్కు గోడ పక్కన ఇల్లు కూల్చిన మట్టి, చిరిగిన పరుపులు పోసి వెళ్లారు. ఇక అదే చెత్తకుప్పగా స్థిరపడిపోయింది. ఇప్పుడు అక్కడ కవర్లు విసురుతున్నది మా కాలనీవాళ్లే.

ఈ రెండింటికీ కలిపి సంఘం కార్యవర్గం ఆదివారం సర్వసభ్య సమావేశం ముందు నాలుగు తీర్మానాలు పెడుతోంది. రోడ్డు రెండు కొసల్లో గేట్లు పెట్టి రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు మూసివేయడం ఒకటి. సీసీ కెమెరాలు పెట్టడం రెండోది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, పాలు, కూరగాయలు తెచ్చేవాళ్లకు ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వడం మూడోది. చెత్త వేస్తూ దొరికినవాళ్ల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాలుగోది. కెమెరాలకు నాకు అభ్యంతరం లేదు. మిగతా మూడింటికి చెయ్యి ఎత్తాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను. మీ కాలనీల్లో ఏం చేశారో చెప్పండి.

విశ్రాంత ఇంజినీరు

తేల్చుకోవడానికి ఏముంది? మీ ఇంటి తాళం పగలలేదు కాబట్టి మీకు సందేహాలు. మా కాలనీలో నాలుగేళ్ల కిందట గేట్లు పెట్టాం. బయటి బండ్లు రాత్రిపూట అడ్డదారిగా దూసుకుపోవడం ఆగింది, రోడ్డు పక్కన కూర్చుని తాగి సీసాలు పగలగొట్టేవాళ్లు మాయమయ్యారు. మట్టి ట్రాలీ అంటారా, గేటు ఉంటే అది లోపలికే రాదు.

పల్లెటూళ్లో కొత్త మనిషి కనిపిస్తే అరుగు మీది పెద్దాయన "ఎవరింటికి బాబూ?" అని అడిగేవాడు. నగరంలో అరుగులూ లేవు, అడిగేవాళ్లూ లేరు. ఆ ప్రశ్న ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ అడుగుతాడు, అంతే. దీన్ని ఆక్రమణ అనడం అన్యాయం.

కోర్టుదారి

విశ్రాంత ఇంజినీరు గారూ, ఇది అన్యాయమో కాదో తర్వాత చూద్దాం, ముందు చట్టం సంగతి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లు, పార్కు స్థలం గిఫ్టు డీడ్ ద్వారా స్థానిక సంస్థకు వెళ్లిపోతాయి. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైనంత మాత్రాన ఆ రోడ్డు సంఘానిది కాదు. పక్క కాలనీ మనిషికి మీ రోడ్డు మీద నడిచే హక్కు మీకెంత ఉందో అంతే ఉంది. హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో ఏర్పడ్డాక చెరువుల ఆక్రమణలతో పాటు కాలనీ రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలను కూడా కూల్చింది. మీరు చందాలు వేసుకుని కట్టిన గేటు మీద ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు ఇనుప సామాను కొట్టుకే.

కెమెరాల విషయం వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలన్నీ కెమెరాలు పెట్టాలని, దృశ్యాలు 30 రోజులు నిల్వ ఉంచాలని చెబుతుంది. అది ఇళ్లకు వర్తించదు. కాలనీలవాళ్లు చందాలు వేసుకుని పెట్టుకునేవి హైదరాబాద్‌లో పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద వచ్చాయి. స్టేషన్‌కు వెళ్లి అడిగితే ఏ మలుపులో పెట్టాలో వాళ్లే చెబుతారు. ఒక్క జాగ్రత్త: కెమెరా రోడ్డును చూడాలి, ఎవరి వంటగది కిటికీనీ కాదు. రికార్డు ఎవరు చూడవచ్చో ముందే రాసుకోండి. మా దగ్గర కార్యదర్శి గారు ఎవరింటికి ఎవరు వస్తున్నారో సాయంకాలం కాలక్షేపంగా చూస్తున్నారని గొడవై, పరికరాన్ని బీరువాలో పెట్టి రెండు తాళాలు వేయాల్సివచ్చింది.

ఫొటోలు గ్రూపులో పెడితే పరువు నష్టం నోటీసు రావచ్చు. చెత్త వేసినవాళ్లకు జరిమానా విధించే అధికారం ఘన వ్యర్థాల నియమాల ప్రకారం స్థానిక సంస్థది, సంఘానిది కాదు.

రాత్రిడ్యూటీ

ఆసుపత్రిలో నర్సును. డ్యూటీ దిగి ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది. మా పక్క కాలనీకి గేటు పెట్టినప్పటినుంచి క్యాబ్ చుట్టూ తిరిగి, వీధి దీపాల్లేని వెనక రోడ్డులో రావాలి. వాళ్ల రక్షణ కోసం నాకు ఆ చీకటి దారి మిగిలింది. ఇంకొకటి, 108 బండి వచ్చినప్పుడు వాచ్‌మన్ నిద్రలో ఉంటే ఎవరు జవాబు చెబుతారు?

విశ్రాంత ఇంజినీరు

అమ్మా, మా వాచ్‌మన్ దగ్గర ఫోను ఉంది, అంబులెన్సు వస్తే క్షణంలో తీస్తాడు. అన్నిటికీ అనర్థమే ఊహిస్తే ఇంటికి తలుపులు కూడా పెట్టుకోకూడదు.

నడిగడ్డ

గేటు కంటే "కొత్త మనిషి" అనే మాటే నాకు భయం. 2018 మే నెల గుర్తుందా? పార్థీ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో మెసేజీలు తిరిగాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రి గస్తీ తిరిగాయి. మతి స్థిమితం లేనివాళ్లు, భాష రాని కూలీలు, భిక్షాటన చేసేవాళ్లు దెబ్బలు తిన్నారు, కొందరు చనిపోయారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. కొట్టినవాళ్లలో ఎక్కువమంది తమ వీధిని కాపాడుకుంటున్నామనే నమ్మి ఉంటారు.

అదే సమయంలో మా జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికొక పోలీసును అప్పగించి, డప్పు చాటింపులతో, జానపద పాటలతో ఆ పుకార్లు అబద్ధమని చెప్పించారు. ఇక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు. మా ఊరి కానిస్టేబుల్ తన నంబరు ఇంటింటికీ ఇచ్చి "కొట్టకండి, నాకు ఫోను చేయండి" అన్నాడు. జనం నిజంగానే చేశారు.

కాబట్టి మీ సంఘం గస్తీ కూడా పెడతానంటే వద్దనను. గస్తీ తిరిగేవాళ్లు అనుమానం వస్తే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తీర్మానంలోనే రాయండి. మర్యాదగా అడగడం, 100కు ఫోను చేయడం, అంతవరకే. చెయ్యి వేయడానికి వీల్లేదు.

కృష్ణలంక

రక్షణ గురించి పెద్దలు చెప్పారు, నేను కుప్ప గురించి చెబుతాను. ముందు మట్టిని తీయించండి. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాల కేంద్రాలున్నాయి, రుసుము కడితే తీసుకువెళ్తారు. ఆ మట్టి ఉన్నంతకాలం అది చెత్త వేసే చోటేనని జనం అనుకుంటారు. తీసిన రోజే గోడకు సున్నం వేసి, కింద ముగ్గు పెట్టి, నాలుగు పూలకుండీలు పెట్టండి. విజయవాడలో మా వీధిలో అలాగే ఆగింది. కొందరు దేవుళ్ల పటాలు పెడతారు. దేవుడికి చెత్త కాపలా అప్పగించడం నాకు నచ్చదు.

తర్వాత, కవర్లు విసిరేది ఎవరో, ఎందుకో చూడండి. మా దగ్గర చాలావరకు ఉదయం ఏడింటికే పనికి పోయే అద్దె ఇళ్లవాళ్లు. చెత్త బండి వచ్చేది తొమ్మిదికి. వాళ్ల ఫొటో గ్రూపులో పెడితే సిగ్గుపడతారేమో కానీ చెత్త ఎక్కడ వేయాలి? ఆ ఇళ్ల చెత్త తీసుకుని బండికి అందించే పని ఒక మనిషికి అప్పగించాం, నెలకు ఇంతని ఇస్తున్నాం.

డబ్బు వసూలు విషయంలో జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పరిశుభ్రత కార్యక్రమంతో పాటు ఇంటింటికీ వినియోగ రుసుము పెట్టారు. జనం దానికి "చెత్త పన్ను" అని పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. పని కనిపించకముందే చందా అడిగితే మీ సంఘానికీ అదే గతి. సూర్యాపేటలో ఇరవై ఏళ్ల కిందట కమిషనర్ ఖాదర్ గారు వీధి చెత్తకుండీలే లేకుండా చేశారంటే, ముందు గుమ్మం దగ్గరే తడి, పొడి వేరుచేసి తీసుకునే ఏర్పాటు చేసి, ఆ తర్వాతే కుండీలు తీయించారు.

అమ్మకొడుకు

ఇళ్లలో పనిచేసేవాళ్లకు కార్డులు అన్నారు. మా అమ్మ అంట్లు తోమి నన్ను చదివించింది. ఒక కాలనీలో కార్డు కోసం ఫొటోకు, ఫారానికి డబ్బు ఆమె దగ్గరే తీసుకున్నారు. కార్డు మరిచిపోయిన రోజు గేటు బయట నిలబెట్టారు, ఆలస్యమైందని ఇంటి యజమానురాలు జీతం కోసింది. అదే కాలనీలో ఒకసారి తాళం పగిలిన ఇంటిని తెల్లవారుజామున ముందుగా చూసి ఫోను చేసింది మా అమ్మే. ఆరింటికి వీధిలో ఉండేది ఆమె, పాలబ్బాయి, ఊడ్చే ఆవిడ. మీరంతా అప్పటికి దుప్పట్లోనే. కాలనీలో ఎవరింట్లో ఎవరు ఉన్నారో, ఎవరు ఊరెళ్లారో వాళ్లకు తెలిసినంత సంఘం అధ్యక్షుడికి తెలియదు. వాళ్లను అనుమానితుల జాబితాలో పెట్టి కాపలా ఎవరితో కాయిస్తారు?

విశ్రాంత ఇంజినీరు

బాబూ, మీ అమ్మగారిని ఎవరూ అనుమానించలేదు. కార్డు ఉంటే ఆమెకే గౌరవం. అయినా కార్డు ఖర్చు సంఘమే భరించాలన్న మాట వరకు ఒప్పుకుంటాను.

అమ్మకొడుకు

అంత గౌరవమైతే ఇంటి యజమానులు కూడా మెడలో వేసుకోండి సార్.

మలేరియా విభాగం

దోమకు గేటు అడ్డం కాదు. డెంగీ దోమ మురికి కాలువలో పుట్టదు. మూత లేని ట్యాంకులో, కూలర్‌లో, పూలకుండీ కింది పళ్లెంలో, ఖాళీ ప్లాటులోని కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి నీళ్లు పారబోస్తే చాలు. 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని ప్రచారం చేసింది అందుకే. మొదట్లో ఫొటోలు దిగారు, తర్వాత మరిచారు. ఒక్క ఇల్లు వదిలేసినా చుట్టుపక్కల అందరినీ దోమలు కుడతాయి. ఎక్కువ ఇబ్బంది తాళం వేసిన ఇళ్లతో, యజమాని ఎక్కడున్నాడో తెలియని ప్లాట్లతో.

టెక్సాస్‌తెలుగు

ఆ యజమానుల్లో నేనొకణ్ణి. కాప్రాలోనే ప్లాటు ఉంది. శుభ్రం చేయించమని ఎవరైనా ఒక్క మెసేజీ పెడితే డబ్బు పంపేవాణ్ణి. ఇక్కడైతే గడ్డి పెరిగితే చాలు, సంఘం నుంచి నోటీసు వస్తుంది, తర్వాత జరిమానా. అక్కడ ఇన్నేళ్లలో నన్ను అడిగింది కొంటామనేవాళ్లే.

మూడోవీధి

అందరికీ కృతజ్ఞతలు. సమావేశానికి సవరణలు రాసి ఇస్తున్నాను. కెమెరాలు మూడు మలుపుల్లో, రికార్డు చూడాలంటే ఇద్దరు సభ్యుల సంతకం. పార్కు దగ్గర మట్టి తీయించడం మొదటి ఖర్చు. ఊరెళ్లేవాళ్లు పక్కింటికి, స్టేషన్‌కు చెప్పి వెళ్లాలి. ఖాళీ ప్లాట్ల యజమానుల నంబర్లు సేకరించి ఏటా వానలకు ముందు లేఖ పంపాలి. కార్డులకు బదులు, పనివాళ్లు ఇష్టపడితే వాళ్లనూ గ్రూపులో చేర్చి ఫోను చేయాల్సిన నంబరు ఇవ్వాలి. గేటు మీద మాత్రం రహస్య ఓటింగు అడుగుతాను, అద్దెకున్నవాళ్లకు కూడా ఓటు ఉండాలని.

విశ్రాంత ఇంజినీరు

అద్దెవాళ్లకు ఓటా? అదింకో చర్చ. అయితే కోర్టుదారి గారూ, పూర్తి గేటు కాకుండా మనిషి, రెండు చక్రాల బండి పోయేంత సందు వదిలి, లారీలు, ట్రాలీలు పోకుండా అడ్డకర్ర పెడితే చట్టం ఏమంటుంది?

కోర్టుదారి

మునిసిపాలిటీ అనుమతి లేకుండా అదీ కుదరదు. అనుమతి అడుగుతూ దరఖాస్తు పెట్టండి, పక్క కాలనీవాళ్ల సంతకాలు కూడా జతచేసి. వాళ్లు సంతకం పెడతారా అన్నది మీరు వాళ్లతో ఇన్నాళ్లూ ఎలా ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

రాత్రిడ్యూటీ

అడ్డకర్ర పెట్టినా అంబులెన్సు పట్టాలి. కొలత టేపు తీసుకుని వెళ్లండి.