మాత్రలు మానేస్తున్న పిలగాడికి నిజం చెప్పాలా?

కావలి_అత్త: మా అన్న కొడుక్కి 14 ఏళ్లు, పుట్టుకతోనే హెచ్ఐవీ, అమ్మానాన్న లేరు, మా అమ్మ దగ్గరే ఉంటాడు. రక్తం తక్కువని చెప్పి ఇన్నాళ్లూ మాత్రలు మింగించాం, ఇప్పుడేమో నాకే ఎందుకు రోజూ అని విసిరేస్తన్నాడు, ఎవరితో మాట్లాడడు, నిద్రపోడు, బడికి పోనంటాడు. చెప్తే తట్టుకుంటాడా? మీ ఇళ్లల్లో ఎట్టా చెప్పారు?

ఒంగోలు_నర్సు: చెప్పాల్సిందే అక్కా. 12 ఏళ్లలోపే పిల్లలకి తెలియాలని డబ్ల్యూహెచ్ఓ కూడా అంటుంది. కానీ అంతా ఒక్కరోజే కుమ్మరించొద్దు, ముందు వాడికేం తెలుసో అడగండి, ఈ వయసు పిలకాయలు మాత్రల పేరు ఫోన్లో కొట్టి చూసే ఉంటారు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో కౌన్సిలర్ని ముందే కలవండి. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వల్ల కూడా కొందరికి నిద్ర పట్టదు, డాక్టర్ని అడగండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

పేరు_వద్దు: నేనూ పుట్టుకతోనే. జబ్బు కంటే ఇంట్లో గుసగుసలే నన్ను ఎక్కువ ఏడిపించాయి. మందులు సరిగ్గా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందనేది) టెస్టులో కనపడనంత తగ్గి అట్టాగే ఉంటే శృంగారం వల్ల ఎదుటివాళ్లకి సోకదు, పెళ్లీ పిల్లలూ అన్నీ ఉంటాయి. ఈ మాట మొదటిరోజే చెప్పండి దయచేసి.

దర్శి_మాస్టారు: బడిలో చెప్పాల్సిన పన్లేదమ్మా, 2017 చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉందని బడిలోంచి తీసెయ్యకూడదు. చచ్చిపోతానని ఏమన్నా అన్నాడా? అంటే ఒంటరిగా వదలొద్దు, మనసు బాగోనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416కి చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

కావలి_అత్త: అట్టా అనలేదు సార్. సోమవారం అమ్మని తీసుకుని కౌన్సిలర్ దగ్గరికి పోతన్నా.