రాణి శతజయంతి బొంతలో తామర కుట్టాలా, వద్దా?

నీలిదారం
ఇంగ్లండులో మా ఊరి కుట్టు బృందం ఎలిజబెత్ రాణి శతజయంతి పేరుతో ఒక బొంత తలపెట్టింది. ఆమె పుట్టింది 1926 ఏప్రిల్ 21న. 1953 జూన్ 2న పట్టాభిషేకానికి నార్మన్ హార్ట్‌నెల్ తయారు చేసిన గౌను మీద కామన్వెల్త్ దేశాల గుర్తులు కుట్టించారు. కెనడాకు మేపుల్ ఆకు, న్యూజిలాండ్‌కు ఫెర్న్, పాకిస్తాన్‌కు గోధుమ, పత్తి, జనపనార, మనకు తామర. ఆ గుర్తులే మా బొంతకు గడులు. తామర గడి, నన్ను అడగకుండానే, నా ఒళ్లో పడేశారు. చేయి ఆడుతుంది కానీ మనసు ఒప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

గోదారిగట్టు
కుట్టను. 1950 జనవరి 26 నుంచి మనది గణతంత్రం. మూడేళ్లు గడిచాక కూడా మన పువ్వు ఆవిడ గౌను మీదికి ఎక్కిందంటే దాన్ని గౌరవం అనుకోమంటారా? అప్పుడు ఎవరో కూలికి కుట్టారు, వాళ్లను ఏమీ అనలేం. ఇప్పుడు మీరు ఊరికే కుడతానంటున్నారు, అదీ సొంత దారం పెట్టుకుని!

పాతచీర
పువ్వు దొంగచాటుగా ఎక్కలేదండీ. గణతంత్రం అయినా కామన్వెల్త్‌లో ఉంటామని 1949లో మనమే ఒప్పుకున్నాం. ఆ పట్టాభిషేకానికి నెహ్రూ స్వయంగా వెళ్లారు. ఆయనకు లేని అభ్యంతరం బొంతలో ఒక గడికి ఎందుకు?

మగ్గంపని
నెహ్రూ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నేను మగ్గం పని చేయించే దుకాణం నడుపుతాను, నా బాధ వేరు. ఈ రాజవస్త్రాల గురించి ఏది చదివినా తొడుక్కున్నవారి పేరు ఉంటుంది, నమూనా గీసినవారి పేరు ఉంటుంది. కుట్టినవారు మాత్రం అంకెల్లో కలిసిపోతారు. ఆ రోజు రాణి వేసుకున్న ఊదా రంగు రాజాంబరాన్నే చూడండి. కుట్టుపని నేర్పే రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్‌లో 12 మంది స్త్రీలు 18 రకాల బంగారు దారాలతో 3,500 గంటలు కూర్చుని కుట్టారు. పని తెలిసినవాళ్లకే ఆ గంటల బరువు తెలుస్తుంది. జరీని మామూలు దారంలా గుడ్డలోకి దూర్చి లాగితే ఒరుసుకుపోయి పైపూత లేచిపోతుంది. అందుకని దాన్ని గుడ్డ పైన పరిచి, సన్నటి దారంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసి పట్టి ఉంచుతూ పోవాలి. మలుపులో ఒక్క కుట్టు జారిందా, గోధుమ వెన్ను గొంగళిపురుగులా కనిపిస్తుంది.

1903 ఢిల్లీ దర్బారు కథ ఇంకా అన్యాయం. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం పేరిట జరిగిన ఆ వేడుకలో వైస్రాయ్ భార్య మేరీ కర్జన్ వేసుకున్న నెమలి గౌను ఇప్పుడు డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్‌లో ఉంది. బంగారు, వెండి తీగలతో ఈకలు, ఒక్కో ఈక కంటిలో పచ్చగా మెరిసే పురుగు రెక్క. గౌను బరువు దాదాపు నాలుగున్నర కిలోలు. ఆ జర్దోసీ అంతా మన దేశపు పనివాళ్లదే. దాన్ని గౌనుగా మలిచిన పారిస్‌లోని వర్త్ దుకాణం పేరు మాత్రం అందరి నోటా ఉంది. కాబట్టి రాణి కోసమా కాదా అని నేను అడగను. బొంత మీద మీ పేరు ఉంటుందా?

గోదారిగట్టు
ఆ దర్బారు 1899-1900 కరువు వెంటనే జరిగిందని కూడా చెప్పండి. ఇంకొకటి. ఈ రాజభక్తి అంతా ఇంటి ఆడవాళ్ల మనసులోంచి పొంగిందనుకోవడం అమాయకత్వం. బ్రిటన్ రాజు మూడవ జార్జ్ పాలన స్వర్ణోత్సవానికే బొంత మధ్యలో పెట్టుకోమని అచ్చు వేసిన బట్ట ముక్కలు వచ్చాయి. 1816లో ఆయన మనవరాలు యువరాణి షార్లెట్ పెళ్లికీ వచ్చాయి. పాపం ఆమె మరుసటి ఏడాదే ప్రసవంలో చనిపోయింది. ముక్క కొనుక్కో, చుట్టూ పాత గుడ్డలు అతుక్కో, రాజభక్తురాలివి అయిపో! లాభం బట్టల వ్యాపారిది.

పాతచీర
అన్నీ ఒకే గాటన కట్టకండి గోదారిగట్టు గారూ. హవాయి రాణి లిలియువోకలానిని 1893లో గద్దె దింపారు. 1895లో ఆమె సొంత ఇయోలాని ప్యాలెస్‌లోనే, మేడ మీది గదిలో నెలల తరబడి బంధించారు. అక్కడ ఆమె, తోడుగా ఉన్న స్త్రీలు కలిసి మొదలుపెట్టిన బొంత ఇప్పటికీ ఆ ప్యాలెస్‌లోనే ఉంది. ఒక ఆకారమంటూ లేని పట్టు పేలికలతో తొమ్మిది గడులు. వాటి మీద హవాయి జెండాలు, చెర తేదీలు, స్త్రీల పేర్లు, అన్నీ సూదితో కుట్టినవే. అదీ రాజుల చరిత్రను కుట్టిన బొంతే కదా. అందులో భజన ఎక్కడుంది?

గోదారిగట్టు
అది ఓడిపోయిన రాణి తన కథ తాను కుట్టుకోవడం. నీలిదారం గారిది ఇంకొకరి గౌనుకు నకలు తీయడం. రెండూ ఒకటి కావు.

నీలిదారం
పేర్ల సంగతి మా బృందంలో అడిగాను. వెనకవైపు ఒక గుడ్డ చీటీ మీద అందరి పేర్లూ రాసి అతికిద్దామన్నారు. గోడకు వేలాడదీశాక వెనక్కి తిప్పి చూసేదెవరు?

మగ్గంపని
చీటీకి ఒప్పుకోకండి. హవాయి బొంతలో పేర్లు ముందువైపే ఉన్నాయి. తామర కాడ పక్కనే, రెండు పోగుల దారంతో, కాడకుట్టు వేసి మీ పేరు తెలుగులో కుట్టండి. విప్పమంటే అప్పుడు గడి వెనక్కి తీసుకోవచ్చు.

గోదారిగట్టు
తెలుగులో పేరు కుడితే ఆ పువ్వు గౌను మీదిది కాకుండా పోతుందా? నా మాట అదే. కుట్టకండి.