లేస్తే తలనొప్పి, పడుకుంటే పోతోంది: ఎమ్మారై నార్మల్ అంటే లీక్ లేనట్టేనా?

గోదావరి_గట్టు: మా అక్కకి లేచి కూర్చుంటే తల వెనక విపరీతమైన నొప్పి, పడుకుంటే ఉండదు. బ్రెయిన్ ఎమ్మారై నార్మల్, టెన్షన్ వల్లే అన్నారు. సీఎస్ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు) లీకేమోనని నా అనుమానం. ఇంకే స్కాన్ అడగాలి? ఖర్చెంత?

కాజీపేట_వాసి: కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా కనిపించేలా సిరలోకి ఇచ్చే మందు) ఎక్కించి తీశారా, లేదా? మా ఆవిడకి మొదట మామూలుగా తీసి ఏమీ లేదన్నారు. గాడోలినియం అనే ఆ మందు ఇచ్చి తీస్తే మెదడు పైపొర చుట్టూతా తెల్లగా మెరిసింది. నెలల తరబడి మంచాన పడి ఉంది మనిషి. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

సిరి_అమ్మ: సిజేరియన్‌కి వెన్నులో మత్తిచ్చాక నాకూ ఇదే నొప్పి. పాపకి కూర్చుని పాలివ్వలేకపోయాను. బ్లడ్ ప్యాచ్ (మన రక్తమే తీసి వెన్నులో ఎక్కించి లీక్ మూయడం) వేశాక లేచి తిరిగాను. స్కాన్లెందుకు, ప్యాచ్ అడగండి.

మిర్యాల_రాజా: కాంట్రాస్ట్ జోలికి పోవద్దు, కిడ్నీలు పోతాయి.

కాజీపేట_వాసి: ఇలా భయపెట్టేవాళ్ల వల్లే మా ఆవిడ మొదటిసారి వద్దంది! క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) చూసే కదా ఇస్తారు?

మిర్యాల_రాజా: మా బాబాయి డయాలసిస్ మీద ఉన్నారు. మీకేం తెలుసు ఆ బాధ?

ఫిల్మ్‌రూమ్: ఏళ్లుగా ఈ ఫిల్ములు చదువుతున్నాను, చెబుతాను. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలోనే గాడోలినియంతో జాగ్రత్త, అందరికీ కాదు. సిరి_అమ్మ గారూ, మీకు సూది ఎక్కడ గుచ్చారో తెలుసు. దానంతటదే వచ్చిన లీక్‌కి చోటు వెతకాలి. మేం బ్రెయిన్ ఎమ్మారైలో బెర్న్ స్కోర్ (లీక్ గుర్తులకి వేసే పాయింట్లు) చూస్తాం: పొర మెరవడం, సిరలు ఉబ్బడం, పిట్యూటరీ పైన ఖాళీ 4 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తగ్గడం, ఒక్కోదానికి రెండు పాయింట్లు. మరో మూడింటికి ఒక్కోటి. 9కి 5 దాటితే లీక్ దొరికే అవకాశం ఎక్కువ.

కొల్లేరు_పిట్ట: దాటడం కాదు, 5 వచ్చినా చాలు. సరిగ్గా రాయండి, ఇవి చదివి రిపోర్టులు పట్టుకుని పరిగెత్తేవాళ్లున్నారు. మా నాన్నకి సబ్‌డ్యూరల్ (మెదడు పైపొర కింద నెత్తురు చేరడం) అని నెత్తురు తీశారు, మళ్లీ చేరింది. కారుతున్నది వెన్నులో! అటువైపు ఎవరూ చూడలేదు.

ఫిల్మ్‌రూమ్: 5 నుంచే, నిజం. కానీ దాదాపు ఐదుగురిలో ఒకరికి కాంట్రాస్ట్ ఇచ్చినా బ్రెయిన్ ఎమ్మారై మామూలుగానే ఉంటుంది.

కాజీపేట_వాసి: ఈ మాట మొదటే చెప్పాలి సార్!

గోదావరి_గట్టు: అయితే వెన్ను స్కాన్ అడగాలా? ఖర్చు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫిల్మ్‌రూమ్: మొత్తం వెన్నుకి ఎమ్మారై అడగండి. వెన్నుపాము పొర బయట నీరు కనిపించకపోతే అది సిరలోకి నేరుగా పోతోందేమో చూడాలి. దానికి పక్కకి పడుకోబెట్టి మైలోగ్రామ్ (వెన్నులోకి కాంట్రాస్ట్ ఎక్కించి తీసే స్కాన్) చేస్తారు.

సిరి_అమ్మ: కాఫీ తాగితే నాకు కాస్త నయమనిపించేది. మీ అక్కకీ అంతేనా?