డీ డ్రైవ్ నుంచి ఈ డ్రైవ్‌కి హార్డ్ లింక్ పడటం లేదు, ఎర్రర్ 17

గాంధీరోడ్_స్టూడియో
అన్నలూ, తిరుపతిలో మాది ఫొటో స్టూడియో. ముహూర్తాలు మొదలైతే 2 టీబీ డిస్క్ ఇట్టే నిండిపోతోంది. కస్టమర్ ఎంచిన ఫొటోలను ‘ఆల్బమ్’ ఫోల్డర్‌లోకి కాపీ చేసే బదులు హార్డ్ లింకులు (అంటే అదే ఫైలుకు ఇంకో పేరు) వేద్దామని సీ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాశా. క్రియేట్‌హార్డ్‌లింక్ కాల్ డీలో బాగానే పనిచేస్తోంది. డీలో ఉన్న ఫైలుకు ఈలో లింక్ వేయబోతే మాత్రం సున్నా ఇస్తోంది, అంటే పడలేదని. ఎర్రర్ నంబరు చెప్పే గెట్‌లాస్ట్‌ఎర్రర్ 17 అంటోంది. ఇంకోటి, లింకులు వేసినా ఫోల్డర్ సైజు తగ్గలేదు. ఒక ఫైలుకు ఎన్ని లింకులు వేయొచ్చో కూడా చెప్పండి.

లైనక్స్_తాత
2004 నుంచి సిస్టమ్ కాల్స్‌తోనే నా బతుకు. 17 అంటే ఈఎగ్జిస్ట్. ఆ పేరుతో ఫైలు ముందే ఉంది. దాన్ని తీసేసి మళ్ళీ వెయ్యి.

పాకాల_జంక్షన్
తాతా, అది లైనక్స్ లెక్క. విండోస్‌లో 17 అంటే రెండూ ఒకే డ్రైవ్ కాదని. అదే గోలకు లైనక్స్‌లో ఈఎక్స్‌డీఈవీ, నంబరు 18.

లైనక్స్_తాత
విండోస్ అని ఆయన ఎక్కడ చెప్పాడు?

పాకాల_జంక్షన్
డీ డ్రైవ్, ఈ డ్రైవ్, గెట్‌లాస్ట్‌ఎర్రర్. ఇంకేం చెప్పాలి, అలిపిరిలో బోర్డు పెట్టాలా?

తోతాపురి_చిత్తూరు
ఎర్రర్ సంగతి అటుంచండి. ఆ లింకులే వద్దు అంటా. రెండేళ్ళ కిందట నేనూ ‘బ్యాకప్’ అని ఇంకో ఫోల్డర్‌లో లింకులు వేసుకున్నా. అసలు ఫోల్డర్‌లో 400 ఫొటోలను ఒకేసారి బ్లాక్ అండ్ వైట్ చేసి, పర్లేదులే బ్యాకప్ ఉంది కదా అని అది తెరిచా. పెళ్ళికూతురి ఎర్ర కంచిపట్టు చీర అక్కడా బూడిద రంగే. వాళ్ళ నాన్న కొట్టు ముందు నిలబడి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

నెట్‌వర్క్_నాని
అబద్ధం. నేనూ లింకులు వేసి ఎడిట్ చేస్తుంటా. పాతది పాతగానే ఉంటుంది.

తోతాపురి_చిత్తూరు
అబద్ధమా? డబ్బులు వెనక్కి ఇచ్చింది నేను సామీ, నువ్వు కాదు!

చంద్రగిరి_కోట
రొంత ఆగండి, ఇద్దరిదీ నిజమే. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉన్న ఫైలు మీదే రాస్తాయి, అప్పుడు అన్ని పేర్ల కిందా మారుతుంది. కొన్ని కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెడతాయి. అప్పుడు ఆ ఒక్క పేరు కొత్త ఫైలుకు పోతుంది, మిగతావి పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. మీ సాఫ్ట్‌వేర్ ఏ రకమో ఒక ఫొటోతో చూసుకోండి. ఏడుకొండలవాడిని గోవిందా అన్నా, శ్రీనివాసా అన్నా స్వామి ఒక్కడే. హార్డ్ లింక్ అంతే. అందులో అసలు, నకలు అని ఉండవు.

భక్త_517501
స్వామిని హార్డ్ డిస్క్‌లోకి లాగొద్దు. వేరే పోలిక దొరకలేదా?

చంద్రగిరి_కోట
సరే. మా తమ్ముడు ఇంట్లో చిన్నోడు, బడి రిజిస్టర్‌లో వేరే పేరు. రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తే మనిషి పోడు. జ్వరమొస్తే మాత్రం రెండు పేర్లకూ వస్తుంది. ఇప్పుడు సరేనా?

లైనక్స్_తాత
అందుకే డిలీట్ కాల్‌కు లైనక్స్‌లో అన్‌లింక్ అని పేరు. ఐనోడ్‌లో, అంటే ఫైలు వివరాలు రాసుండే చోట, లింకుల లెక్క సున్నాకు వచ్చి, ఆ ఫైలును ఎవరూ తెరిచి ఉంచనప్పుడే జాగా ఖాళీ అవుతుంది. ఆ ఐనోడ్ నంబరుకు ఆ ఫైల్ సిస్టమ్ లోపలే విలువ, అందుకే పక్క డిస్క్‌కు లింక్ పడదు. ఇది మాత్రం నన్నెవరూ తప్పు పట్టలేరు.

పాకాల_జంక్షన్
ఇది కరెక్టే తాతా.

నెట్‌వర్క్_నాని
ఫోల్డర్‌కే లింక్ వేస్తే పని తేలిక కదా?

లైనక్స్_తాత
వేయనివ్వదు. ఫోల్డర్ తనలోకే తిరిగొస్తే వెతికే ప్రోగ్రామ్ తిరుగుతూనే ఉంటుంది. ఆపిల్ వాళ్ళు 2007లో మ్యాక్ లియోపార్డ్‌లో టైమ్ మెషిన్ బ్యాకప్ కోసం ఒప్పుకున్నారు, అది వేరే కథ.

తోతాపురి_చిత్తూరు
వేసవిలో కరెంటు పోయి డిస్క్ కొట్టేస్తే అన్ని పేర్లూ ఒకేసారి గోవిందా. యూపీఎస్ బ్యాటరీ చిత్తూరులో మంచిది ఎక్కడ దొరుకుతుంది?

భక్త_517501
మళ్ళీ గోవిందా అంటున్నారు.

గాంధీరోడ్_స్టూడియో
తాత మాట విని, ఆల్బమ్‌లో ఒక ఫైలు తీసేశా. గుండె ఝల్లుమంది. కెమెరా ఫొటోలుండే ‘రా’ ఫోల్డర్‌లో అలాగే ఉంది, బతికా. సైజు సంగతి?

పాకాల_జంక్షన్
ఎక్స్‌ప్లోరర్ ప్రతి పేరునూ విడిగా లెక్కేస్తుంది. ఫోల్డర్ సైజు కాదు, డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడు. డీ నుంచి ఈ డ్రైవ్‌కు కాపీయే గతి, బ్యాకప్ కూడా అదే అవుతుంది. కస్టమర్ పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే అందులో లింకులే ఉండవు, ఒకే ఫొటో రెండు ఫోల్డర్లలో ఉంటే రెండింతల జాగా తింటుంది.

గాంధీరోడ్_స్టూడియో
ఎన్ని లింకులో ఎవరూ చెప్పలేదు.

చంద్రగిరి_కోట
విండోస్ డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో క్రియేట్‌హార్డ్‌లింక్ కాల్‌తో ఫైలుకు 1023. లైనక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో 65,000. ఒక్క ఫొటోను వెయ్యి ఫోల్డర్లలో పెట్టే పెళ్ళి ఎవరిది స్వామీ?

తోతాపురి_చిత్తూరు
బ్యాటరీ సంగతి ఎవరైనా చెప్పండప్పా.