వారానికి రెండు పార్టులు నా వల్ల కావట్లేదు, సీరియల్ మధ్యలో ఆపితే తప్పా?

చాక్‌పీస్:
అందరికీ నమస్తే. ఇంతకాలం ఇక్కడ చదివి వెళ్లిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకి లెక్కలు చెప్తాను. ఒక కథల యాప్‌లో సీరియల్ రాస్తున్నా, ప్రతి సోమవారం, గురువారం రాత్రి తొమ్మిదికి ఒక పార్ట్. ఇప్పటికి 71 అయ్యాయి. మొదట్లో ఇరవై మంది చదివేవాళ్లు, ఇప్పుడు రెండు వేలు దాటుతున్నారు, అందుకే ఈ తిప్పలన్నీ. ఇరవై మందే అయితే ఎప్పుడో చెప్పాపెట్టకుండా ఆపేసేదాన్ని.

జూన్ వరకు బానే లాక్కొచ్చా. తర్వాత అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయింది. పొద్దున్నే ఆవిడతో ఎక్సర్‌సైజులు చేయించి, బాక్సులు కట్టి, స్కూలుకి పోయి, వచ్చాక మా చిన్నాడి హోంవర్కు, వంట, పేపర్లు దిద్దడం, అన్నీ అయ్యేసరికి పదిన్నర. అప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చుంటే రెండు పేరాలు రాసి నిద్రలోకి జారిపోతున్నా. పొద్దున చూసుకుంటే చివరి లైనంతా "మమమమమ" అని ఉంటుంది (నిజంగానే).

ఇంకో బాధేంటంటే, ఫోన్‌లో రాస్తుంటే అది పనిలా ఎవరికీ కనపడదు. మా ఆయన మంచివారే, కానీ "ఇంకా ఎంతసేపు ఆ ఫోను" అంటారు. అదే ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని యూనిట్ టెస్ట్ పేపర్ తయారుచేస్తుంటే అడక్కుండానే టీవీ సౌండ్ తగ్గిస్తారు. మొన్న మా ఆడపడుచు కూడా "యండమూరి గారు చార్టర్డ్ అకౌంటెంటుగా ఉద్యోగం చేస్తూనే అన్ని సీరియళ్లు రాశారు కదా వదినా" అంది. ఆయనింట్లో తాలింపు ఎవరు వేసేవాళ్లో నాకు తెలీదు, మా ఇంట్లో మాత్రం నేనే.

పోయిన నెల మూడు పార్టులు ఎగ్గొట్టా, ఎవరికీ చెప్పకుండా. ఇప్పుడు మెసేజ్‌లు తెరవాలంటేనే భయం. "అక్కా నెక్స్ట్ పార్ట్", "అక్కా ఉన్నారా", ఒకావిడైతే "రాయలేనప్పుడు మొదలుపెట్టడం ఎందుకు" అని. ఇది చాలదన్నట్టు ఎవరో యూట్యూబ్‌లో నా పార్టులు నా పేరు లేకుండా చదివి పెడుతున్నారు, కామెంట్లలో వాళ్లతో గొడవపడటానికే మూడు రాత్రులు పోయాయి.

ఉద్యోగం, ఇల్లు ఉన్నవాళ్లు దీన్ని ఎలా నెట్టుకొస్తున్నారు? కొన్నాళ్లు ఆపితే మళ్లీ వస్తారా జనం? లేక ఏదో ఒక ముగింపు పడేసి వదిలించుకోనా?

సబ్‌స్టేషన్ నైట్ షిఫ్ట్:
మేడమ్, ముగింపు పడేయొద్దు ముందు. 71 పార్టులు చదివినవాళ్లు ఆలస్యాన్ని మరిచిపోతారు గానీ ఆ పని చేస్తే జన్మలో మరిచిపోరు.

నేను వరంగల్ దగ్గర 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. షిఫ్టులు మారుతుంటాయి, గంట గంటకూ రీడింగులు రాయాలి, గాలివాన వచ్చి ఫీడర్ (ఊళ్లకి కరెంటు వెళ్లే లైను) ట్రిప్ అయితే ఇక ఆ రాత్రి ఫోన్లే ఫోన్లు. కాబట్టి "రోజూ ఒకే టైముకి కూర్చుని రాయండి" అనే సలహా నా దగ్గర చెల్లదు, మీ దగ్గర కూడా చెల్లదు. మూడు సీరియళ్లు పూర్తిచేశా, నాలుగోది నడుస్తోంది. మొదటిదాంట్లో అచ్చం మీలాగే మునిగిపోయా.

అప్పట్నుంచి ఒకటే కట్టుబాటు. పది పార్టులు రాసి దగ్గర పెట్టుకున్నాకే మొదటిది బయటికి వదుల్తా. ఆ పది కాస్తా నాలుగుకి పడ్డ రోజునే కింద నోటు పెడతా, ఫలానా తేదీ వరకు సెలవు, ఫలానా తేదీకి మళ్లీ వస్తా అని. సున్నాకి వచ్చేదాకా ఆగను. సున్నాకొచ్చాక సిగ్గుతో నోటు కూడా పెట్టబుద్ధి కాదు, మనిషి మాయమైపోతాడు. మీకు అయింది అదే అనుకుంటా.

తర్వాత లెక్క చూసుకోండి (లెక్కల టీచర్‌కి నేను చెప్పడం!). పార్ట్ వెయ్యి పదాలు, వారానికి రెండంటే నెలకి ఎనిమిది వేల పైనే. ఇప్పుడున్న పరిస్థితిలో మీరు నాలుగు వేలు రాయగలిగితే గొప్ప. గురువారం పార్ట్ తీసేయండి. తీసేశాం కదా అని సోమవారం పార్టును రెండింతలు చేయొద్దు, అందరూ చేసే పొరపాటు అదే.

నేను సగం నోటితోనే రాస్తా. డ్యూటీ దిగాక చెరువుకట్ట మీద నడుస్తూ ఫోన్ కీబోర్డు (జీబోర్డు) మైకు నొక్కి మాట్లాడితే ఇరవై నిమిషాల్లో ఒక సీను అవుతుంది. కామాలు, ఫుల్‌స్టాపులు ఉండవు, ళ అంటే ల పడుతుంది, మా యాసలో మాట్లాడితే ఏందో రాస్తది. అయినా ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చోవడం కంటే తప్పుల రాత దిద్దుకోవడం నయం. మీకు దిద్దడం అలవాటేనాయె.

యూట్యూబ్ వాళ్లతో కామెంట్లలో వాదించకండి. కథ రాసిన రోజు నుంచే కాపీరైట్ మీది, 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది. వాళ్ల వీడియో లింకు, మీ పార్ట్ లింకు, మీరు ముందే పెట్టారని తెలిసేలా తేదీ ఇచ్చి పంపండి. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (కాపీరైట్ హెచ్చరికలు) పడితే ఛానెలే పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి నాకు తగిలినవాడు ఒకదానికే దిగొచ్చాడు. ఒక ఆదివారం అరగంట చాలు, అంతకుమించి దానికి ఇవ్వొద్దు.

డల్లాస్ కోడలు:
పది పార్టుల స్టాక్ అందరూ చెప్పేదే, కానీ నాకది అస్సలు పడలేదు. నేను నా సొంత బ్లాగులో రాస్తా. పోయినసారి బుద్ధిగా పన్నెండు పార్టులు ముందే రాసిపెట్టుకున్నా. అందులో ఒక పోస్ట్‌మాన్ బాబాయి ఉన్నాడు, ఐదో పార్ట్‌లో ఊరు విడిచి వెళ్లిపోవాలి. జనానికి ఆయన తెగ నచ్చేశాడు, కామెంట్లన్నీ ఆయన గురించే. నా దగ్గరేమో ఆయన లేని ఏడు పార్టులు సిద్ధంగా ఉన్నాయి! మార్చాలంటే అన్నీ తిరగరాయాలి, మార్చకపోతే నాకే చప్పగా ఉంది. చివరికి వాటిని పారేశా, అంటే రెట్టింపు పని. మరి వారం వారం రాయడంలో ఉన్న సరదానే అది కదా, చదివేవాళ్లు పక్కనే కూర్చుని ఊ కొడుతున్నట్టు.

ఇప్పుడు నేను చేసేదేంటంటే చివరి మూడు పార్టులు మొదటే రాసేసుకుంటా. మధ్యలో రెండే రెండు చేతిలో ఉంచుకుంటా. ఎక్కడికి పోవాలో తెలుసు కాబట్టి అలిసిపోయిన రోజున కూడా ఒక సీను లాగగలను. సబ్‌స్టేషన్ గారూ, మీ నాలుగు ఉన్నప్పుడే నోటు అన్న మాట మాత్రం నాకు బాగా నచ్చింది, తీసుకుంటున్నా.

తొమ్మిదికే పెట్టాలని మీరు మేలుకుని ఉండొద్దు. ఇండియాలో రాత్రి తొమ్మిదంటే నాకు పొద్దున పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర, సరిగ్గా ఆఫీసు మీటింగ్ టైము. ముందు రోజే షెడ్యూల్ చేసి పడుకుంటా. మీ యాప్‌లో ఆ సదుపాయం ఉందేమో చూడండి.

నోట్‌బుక్ పట్టుకుంటే టీవీ సౌండ్ తగ్గిస్తారన్నారు కదా, మరి నోట్‌బుక్‌లోనే రాయండి చాక్‌పీస్ గారూ! మా అమ్మ కూడా అంతే, ల్యాప్‌టాప్ ముందుంటే వచ్చి కబుర్లు చెప్తుంది, పెన్ను పట్టుకుంటే వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. మామూలు రూళ్ల పుస్తకంలో రాసి, తర్వాత మైకులో చదివేస్తే టైపింగ్ కూడా అయిపోయినట్టే.

పక్కా లెక్క:
ఇంత చేస్తే ఎంతొస్తుందండీ నెలకి?

చాక్‌పీస్:
పోయిన నెల 640 రూపాయలు. ఒక్క పిల్లాడికి ట్యూషన్ చెప్పినా అంతకంటే ఎక్కువే వస్తుంది. మీరు అడగడంలో తప్పేం లేదు, మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న. కానీ ట్యూషన్ చెప్పేటప్పుడు రేపు ఏం జరుగుతుందో అని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

సశేషం:
అమ్మా, నేను రాసేవాణ్ని కాదు, చదివేవాణ్ని. రాజమండ్రిలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు రాసేవాళ్లంతా మీ కష్టాలు చెప్పుకుంటున్నారు కాబట్టి ఎదురుచూసేవాళ్ల సంగతి కూడా ఒకరు చెప్పాలని రాస్తున్నా.

మా ఇంట్లో వీక్లీ వచ్చిన రోజు అది ముందు ఎవరు చదవాలని తగువు. మా అమ్మ అందరూ చదివాక సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, అట్టపెట్టెలో దాచి, పూర్తయ్యాక సూదీ దారంతో కుట్టి పుస్తకం చేసేది. వాటిలో మధ్యలో పేజీలు లేనివి కూడా ఉన్నాయి, వీక్లీ రాని వారం, ఎవరో పట్టుకెళ్లి ఇవ్వని వారం. అమ్మ ఆ చోట ఒక తెల్లకాగితం కుట్టి పెట్టేది. ఒక భాగం తప్పిందని సీరియల్ మానేసిన మనిషిని మా వీధిలో నేను చూడలేదు. విసుక్కోవడం మాత్రం బాగా విసుక్కునేవాళ్లు. మీకు ఆ మెసేజ్ పెట్టినావిడ కూడా ఆ జాతే అయ్యుంటుంది.

ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ అంతటివాడు నెలనెలా భాగాలు రాస్తూ, 1837 మేలో పదిహేడేళ్ల మరదలు హఠాత్తుగా చనిపోతే, ఆ నెల రాయలేకపోయాడు. అప్పుడు ఆయనకి ఒకేసారి రెండు సీరియళ్లు నడుస్తున్నాయి, జూన్‌లో రెండూ రాలేదు. జులైలో మళ్లీ మొదలుపెట్టాడు, జనం మళ్లీ కొన్నారు.

ఒక్క మనవి. తిరిగి వచ్చినప్పుడు పైన నాలుగు లైన్లు "జరిగిన కథ" రాయండి. పాత వీక్లీల్లో ప్రతి వారం ఉండేది, ఈ యాప్‌ల రాతల్లో చాలాచోట్ల పోయింది. నా వయసువాడికి నెల తర్వాత పార్ట్ తెరిస్తే ఈ సుధాకర్ మేనమామా, ఇంటి ఓనరా గుర్తుండదు. వెనక్కి వెళ్లి వెతకడానికి బద్ధకించి మానేసిన సీరియళ్లు నాకు రెండున్నాయి, ఆలస్యమైందని మానేసింది ఒక్కటీ లేదు.

చాక్‌పీస్:
అందరికీ చాలా థాంక్స్. సశేషం గారూ, ఆ తెల్లకాగితం సంగతి రెండుసార్లు చదువుకున్నా.

నిన్న రాత్రి నోట్‌బుక్‌లో రాశా. నలభై నిమిషాలు ఎవరూ పలకరించలేదు, అత్తయ్యగారు అయితే "పాపం పేపర్లు ఎక్కువున్నట్టున్నాయి" అన్నారట. నేనేం సరిదిద్దలేదు. ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

ఇదిగో పెట్టబోయే నోటు, ఎలా ఉందో చెప్పండి: "ప్రియమైన పాఠకులకు క్షమాపణలు. ఇంట్లో ఆరోగ్య సమస్యల వల్ల పార్టులు ఇవ్వలేకపోయాను, దయచేసి క్షమించండి. మీ మెసేజ్‌లకి జవాబు ఇవ్వనందుకు సారీ. త్వరలోనే మళ్లీ మొదలుపెడతాను, ఇకపై వారానికి ఒకటే ఇవ్వగలను, అందుకు కూడా మన్నించండి."

సబ్‌స్టేషన్ నైట్ షిఫ్ట్:
నాలుగు సార్లు క్షమాపణ ఉంది, తేదీ ఒక్కసారి కూడా లేదు. మూడు సారీలు కొట్టేసి, "త్వరలోనే" తీసేసి తేదీ వేయండి. మీకు కుదురుతుందనిపించిన తేదీకి ఇంకో రెండు వారాలు కలిపి వేయండి.

డల్లాస్ కోడలు:
వారానికి ఒకటి అన్నందుకు అసలు సారీ ఎందుకు, "ఇకపై ప్రతి సోమవారం" అని రాయండి చాలు.

చాక్‌పీస్:
నవంబర్ 10, సోమవారం అని వేసి పెట్టేశా. ఐదు నిమిషాల్లో మొదటి కామెంట్: "పొద్దున్నా, రాత్రా అక్కా?"