మెమోకు సమాధానం ఎలా రాయాలి? రాత్రి డ్యూటీ, 28 మంచాలు, గంటకో సంతకం

పరకాల సిస్టర్

అందరికీ నమస్కారం. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివాను. ఆసుపత్రి పేరు చెప్పను, దయచేసి అడగవద్దు. నాకు మెమో ఇచ్చారు. ఎల్లుండిలోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలట. ఎలా రాయాలో ఈ పనిలో ఉన్నవాళ్లు చెప్పండి.

మాది ఆడవాళ్ల సర్జికల్ వార్డు, 28 మంచాలు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. ఇద్దరు నర్సులం, ఒక ఆయమ్మ. ఆ ఆయమ్మను కూడా పక్క వార్డుతో పంచుకోవాలి. ఇప్పుడు ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు కోసం తయారవుతున్నారు కాబట్టి ప్రతి మంచానికీ కాళ్ల వైపు ఒక అట్ట వేలాడదీశారు. అందులో గంటకో గడి. నొప్పి పదికి ఎంత, సెలైన్ ఎక్కుతోందా, సూది పెట్టిన చోట వాపు ఉందా, మంచం పక్క కడ్డీలు లేపి ఉన్నాయా, బాత్రూముకు తీసుకెళ్లాలా అని ఐదు టిక్కులు, కింద సంతకం. ఉద్దేశం మంచిదే, కాదనను. ఆపరేషన్ అయిన మనిషిని గంటకోసారి చూడవలసిందే. కానీ లెక్క చూడండి. మంచానికి రెండు నిమిషాలు వేసుకున్నా 28 మంచాలకు 56 నిమిషాలు. అంటే ఇద్దరిలో ఒకరు తెల్లవార్లూ ఆ అట్టల చుట్టూ తిరగడానికే సరి. మిగిలిన ఒక్కరు ఇంజెక్షన్లు కలపాలి, బీపీలు చూడాలి, యూరిన్ బ్యాగులు కొలిచి రాయాలి, ఎమర్జెన్సీ నుంచి వచ్చే కొత్త అడ్మిషన్ తీసుకోవాలి, పొద్దున థియేటరుకు వెళ్లేవాళ్లను తయారు చేయాలి, ఫార్మసీకి ఇండెంట్ పెట్టాలి, ఆరోగ్యశ్రీ కేసుల కాగితాలు విడిగా సర్దాలి.

మరి గడులు ఎలా నిండుతున్నాయంటారా? మీకు తెలియనిది కాదు. తెల్లవారుజామున అన్నీ ఒకేసారి నిండుతాయి. అందరి నొప్పీ రెండే. అందరి కడ్డీలూ లేచే ఉంటాయి. సాయంత్రమే డిశ్చార్జి అయి ఇంటికి వెళ్లిపోయిన ఒకామె అట్టలో "నిద్రపోతున్నారు" అని ఉండటం నేను కళ్లారా చూశాను.

మెమోకు కారణమైన ఆ రాత్రి ఒకటిన్నర దాటాక 17వ మంచం ఆమె దాహం, దాహం అంటోంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఆ పగలే అయింది. నుదురు ముట్టుకుంటే చల్లటి చెమట. కడుపులోంచి గొట్టం ద్వారా కారేది చేరే డ్రెయిన్ బ్యాగు చేతిలోకి తీసుకుంటే వెచ్చగా, బరువుగా ఉంది. సాయంత్రం లేత రంగులో ఉన్నది చిక్కటి ఎరుపుకు తిరిగింది. బీపీ 80కి పడింది, నాడి 130. డ్యూటీ డాక్టరును పిలిచాం. రెండో చేతికి లావు క్యాన్యులా వేసి సెలైన్ వదిలాను, రక్తం కోసం శాంపిల్ పంపాం, సర్జన్ గారికి ఫోను చేశాం. మూడు దాటాక మళ్లీ థియేటరుకు తీసుకెళ్లారు. వార్డు బాయ్ ఒక్కడే ఉన్నాడు కాబట్టి స్ట్రెచర్ వెంట నేనూ వెళ్లాను. అంతసేపూ తోటి సిస్టర్ ఒక్కతే మిగిలిన వాళ్లందరినీ చూసుకుంది. 17వ మంచం ఆమె బతికింది. ఐసీయూ నుంచి వార్డుకు వచ్చి గంజి కూడా తాగుతోంది.

ఆ సమయానికి నా వైపు మంచాల గడులు ఖాళీగా వదిలేశాను. కావాలనే వదిలేశాను, నేను అక్కడ లేను కాబట్టి. 17వ మంచం సంగతి మాత్రం నర్సింగ్ నోట్స్‌లో నిమిషాలతో సహా రాశాను. పొద్దున క్వాలిటీ విభాగం వాళ్లు వచ్చి ఖాళీ గడులను ఫొటో తీసుకున్నారు. మెమోలో "విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం" అని ఉంది. ఇన్‌ఛార్జి సిస్టర్ పక్కకు పిలిచి, "ఇప్పుడైనా నింపెయ్యి, పైన నేను మాట్లాడతాను. రాయనిది చేయనట్టే లెక్క అని తెలుసు కదా" అన్నారు. తెలుసు. మరి చేయనిది రాస్తే చేసినట్టే లెక్కా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమె మంచి మనిషి. ఆమె మీద మేట్రన్, మేట్రన్ మీద ఆపరేషన్స్ మేనేజరు. ఆయన ఇంతకుముందు బట్టల షోరూములో చేశాడట. అందుకే కాబోలు, నర్సు కూర్చుని కనిపిస్తే ఆయన ప్రాణం ఒప్పుకోదు. స్టేషన్‌లో ఉన్న నాలుగు స్టూళ్లలో మూడు తీయించేశాడు.

ఇంకో మాట. బయోమెట్రిక్‌లో పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. పొద్దున వచ్చేవాళ్లకు హ్యాండోవర్ ముగిసి తొమ్మిదిన్నరకు బయటపడితే ఆ గంటన్నర ఏ లెక్కలోకీ రాదు. నేను పరకాల నుంచి బస్సులో రావాలి. మేడారం జాతర రోజుల్లో అయితే చెప్పనక్కరలేదు, బస్సులన్నీ అటే మళ్లుతాయి, మాకేమో సెలవులు రద్దు.

గడులు నింపి, క్షమాపణ రాసి బయటపడాలా? ఉన్నది ఉన్నట్టు రాయాలా? రాస్తే ఉద్యోగం నిలుస్తుందా? చేరినప్పుడు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లే తీసుకున్నారు. అసలు భయం అదే.

కాజీపేట రిటైర్డ్ హెడ్ నర్సు

అమ్మా, ముందు ఆ అట్టల జోలికి వెళ్లకు. ఫొటో వాళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు నింపితే ఖాళీ గడి తప్పు పోయి దొంగ రికార్డు తప్పు మెడకు చుట్టుకుంటుంది. రేపు ఆ 17వ మంచం వాళ్ల బంధువులు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లారనుకో, కేస్ షీట్ మొత్తం తెప్పిస్తారు. నీ నోట్స్‌లో రెండున్నరకు 17 దగ్గర ఉన్నావు, అట్టలో అదే సమయానికి 28 దగ్గర సంతకం పెట్టావు. అవతలి వకీలుకు అంతకంటే ఏం కావాలి? అప్పుడు మేనేజరూ రాడు, ఇన్‌ఛార్జీ రాదు. సంతకం నీది.

సమాధానం పొట్టిగా రాయి. కోపం వద్దు, క్షమాపణ వద్దు. తోటి వాళ్లు ఏం చేస్తారో ఒక్క అక్షరం కూడా వద్దు. ఇలా రాయవచ్చు:

"ఆ రోజు రాత్రి 1.40 నుంచి 3.20 వరకు 17వ మంచం రోగికి రక్తస్రావం కావడంతో, డ్యూటీ డాక్టరు సూచనల మేరకు ఆమె చికిత్సలోనూ, థియేటరుకు తరలించడంలోనూ ఉన్నాను. వివరాలు నర్సింగ్ నోట్స్‌లో నమోదయ్యాయి. ఆ సమయంలో ఇతర మంచాల వద్దకు నేను వెళ్లలేదు కాబట్టి పట్టికలో సంతకం చేయలేదు. ఆ రాత్రి 28 మంది రోగులకు ఇద్దరు నర్సులం ఉన్నాము. ఇటువంటి అత్యవసర సమయంలో మరో నర్సును పిలిపించుకునే ఏర్పాటు ఉంటే తెలియజేయగలరు."

సమయాలు నీ నోట్స్ చూసి సరిగ్గా వేసుకో. చివరి వాక్యాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీసేయకు. ఏర్పాటు ఉంది అంటే ఏమిటో వాళ్లు కాగితం మీద చెప్పాలి, లేదు అంటే లేదని కాగితం మీద పడుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకో. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపు. ఇకమీదట ఇలాంటి రాత్రి నైట్ సూపర్‌వైజరుకు ఫోను చేసి, చేసిన సమయం నోట్స్‌లో రాయి. మనిషి రాకపోయినా ఆ గీత నిన్ను కాపాడుతుంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం చూస్తే టీచింగ్ ఆసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు. సెలవుల కోసం మరో 30 శాతం అదనం. నీ దగ్గర పద్నాలుగు మందికి ఒకరు. నా సర్వీసంతా ఈ ప్రమాణాన్ని పరీక్షల్లో రాయించడమే చూశాను, వార్డులో మాత్రం చూడలేదు. కాబట్టి దాన్ని మెమో జవాబులో పెట్టకు, యాజమాన్యం మొండికేస్తుంది. అవసరం పడే రోజు కోసం దాచుకో.

కరీంనగర్ క్వాలిటీ

సిస్టర్, నేను మీరు తిట్టుకునే క్వాలిటీ విభాగంలోనే పనిచేస్తాను, వేరే ఊళ్లో. ఖాళీ గడికి మెమో ఇవ్వడం తెలివితక్కువ పని. కొంచెం అనుభవం ఉన్న ఆడిటర్‌కు అనుమానం వచ్చేది నిండు పట్టిక చూసినప్పుడే. రాత్రంతా ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఒత్తిడి. పన్నెండు గంటలు నిలబడిన మనిషి సంతకం రాత్రి తొమ్మిదికీ పొద్దున ఆరుకూ ఒకేలా ఉండదు. మేడం చెప్పిన జవాబుతో పాటు, వీలైతే విడిగా ఒక సూచన పెట్టండి. ఆపరేషన్ అయిన మొదటి రోజు వాళ్లకు గంటకోసారి, కుదురుగా ఉన్నవాళ్లకు నాలుగు గంటలకోసారి, చూడలేకపోతే కారణం రాయడానికి ఒక గడి. ఇది మా దగ్గర నడుస్తోంది. మేట్రన్ ద్వారా వెళ్తే వాళ్లకూ పేరు వస్తుంది, ఒప్పుకుంటారు.

ఒక్క సందేహం. తోటి సిస్టర్ మిగిలిన వాళ్లను చూసుకున్నారని మీరే అన్నారు. నిజంగా చూస్తే మీ వైపు గడుల్లో ఆమె సంతకం ఉండాలి కదా? విచారణలో ముందు అడిగేది ఇదే.

భూపాలపల్లి వైపు అక్క

చెల్లీ, నేనూ హనుమకొండ ప్రైవేటులో నలిగి వచ్చినదాన్నే. సర్టిఫికెట్ల గురించి చెబుతాను. అవి నీ ఆస్తి, తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. ఇచ్చినప్పుడు రసీదు తీసుకోకపోతే ఇప్పుడు ఒక లేఖ పెట్టు: ప్రభుత్వ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేయాలనుకుంటున్నాను, సర్టిఫికెట్ల పరిశీలనకు ఒరిజినల్స్ కావాలి అని. గొడవ మాట ఏదీ రాయకు. ఇవ్వకపోతే ఆ లేఖ ప్రతితో కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లు. నాకు అంతదాకా రాలేదు, లేఖకే ఇచ్చేశారు.

నిజంగానే చదువు కూడా. 2024లో మన రాష్ట్ర మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు వేసింది. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. నువ్వు ప్రైవేటులో ఎన్ని రాత్రులు మేలుకున్నా ఆ ఇరవైలో ఒక్క మార్కూ రాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కానీ అదే నియమం. ఇప్పుడు నేనున్న ప్రభుత్వ ఆసుపత్రిలో అట్టలు లేవు, బయోమెట్రిక్ కోత లేదు, జీతం జీతంలా ఉంది. వానాకాలం జ్వరాలప్పుడు మాత్రం ఒక్కో మంచం మీద ఇద్దరు. స్వర్గానికి రమ్మని పిలవడం లేదు సుమా.

జీతం సంగతి కూడా తెలుసుకో. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి చూడమని సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు ఆసుపత్రి అయినా 20 వేలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. కేరళ నర్సులు సమ్మెలు చేసి 2018లో అక్కడి ప్రభుత్వంతో కనీస వేతనం ఇరవై వేలకు ఉత్తర్వు ఇప్పించుకున్నారు. మనం ఇక్కడ ఒకరికొకరం చెప్పుకుంటున్నాం.

పరకాల సిస్టర్

అందరికీ కృతజ్ఞతలు. మేడం రాసినదాన్నే సమయాలు సరిచూసుకుని ఇచ్చాను. చివరి వాక్యం తీసేయమని మా ఆయన ఒకటే పోరు. ఉంచాను. హెచ్‌ఆర్‌లో ఉన్న అమ్మాయి చదవకుండానే స్టాంపు వేసింది. మేనేజరు ఇంకా ఏమీ అనలేదు, పిలుస్తామన్నారు. సర్టిఫికెట్ల లేఖ ఈ వేడి చల్లారాక పెడతాను, రెండూ ఒకేసారి ఇస్తే వెళ్లిపోతున్నాననే అనుకుంటారు.

కరీంనగర్ అన్నా, మీ సందేహం సరైనదే. దానికి ఇక్కడ జవాబు చెప్పను. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. నన్ను పిలిచి అడిగినా నా సంగతి నేను చెబుతాను, ఆమె సంగతి ఆమెనే అడగమంటాను. గంటకోసారి, నాలుగు గంటలకోసారి అన్న మీ సూచన మాత్రం ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాను. ఆమె నా జవాబు రెండుసార్లు చదివి, "దీని జిరాక్స్ ఒకటి నాకు ఇవ్వు" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఇవ్వవచ్చా?

కాజీపేట రిటైర్డ్ హెడ్ నర్సు

ఇవ్వు. ఆమెకూ ఎక్కడో మెమో వచ్చి ఉంటుంది. స్టాంపు ఉన్న అసలు ప్రతి మాత్రం ఆసుపత్రి లాకరులో పెట్టకు, ఇంట్లో ఉంచు. పిలిచినప్పుడు ఒంటరిగా వెళ్లకు, మేట్రన్‌ను కూడా కూర్చోబెట్టమని అడుగు. వాళ్లు నోటితో చెప్పినదంతా బయటకు రాగానే తేదీ వేసి రాసుకో.