కోలారు పాత గనుల్లో అణు వ్యర్థాలు: తేల్చాల్సింది శాస్త్రవేత్తలా, ఊరి జనమా?

కుప్పం_రైతు:
పోయిన వారం మా ఇంట్లో పెళ్లికి వచ్చిన చుట్టాల మధ్య మొదలైన వాదన ఇది. అక్కడ తెగలేదు, ఇక్కడ పెడుతున్నా.

2012 నవంబరులో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కేసు సుప్రీంకోర్టులో నడుస్తున్నప్పుడు, అక్కడి అణు వ్యర్థాలను కోలారు పాత బంగారు గనుల్లో పెట్టే ఆలోచన ఉందని ప్రభుత్వం తరఫున చెప్పారు. ఆ గనులున్న కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) జనం రోడ్డెక్కారు. కొద్ది రోజులకే అలాంటిదేమీ లేదని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కేజీఎఫ్ కర్ణాటకలో ఉన్నా మాకు గంట దారి. మా పక్క గూడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా 2001లోనే మూతపడ్డాయి. "రేపు ఇటువైపు చూస్తే ఏం చేద్దాం?" అని నేనడిగితే, "అది సైంటిస్టులు చూసుకునే పని, గ్రామసభలో చేతులెత్తి తేల్చేది కాదు" అన్నాడు మా బావ. మీరేమంటారు?

తిరుపతి_లెక్చరర్:
మీ బావ చెప్పిందే నా మాట కూడా. చాలా ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పిన మనిషిని, ముందు సంగతులు సరిగ్గా పెడతాను.

మన దేశంలో రియాక్టర్లో వాడిన ఇంధనాన్ని అట్లే పారెయ్యరు. ట్రాంబే, తారాపూర్, కల్పాక్కంలలో యురేనియం, ప్లుటోనియం వేరు చేస్తారు. మిగిలిన, రేడియేషన్ బాగా ఎక్కువుండే ద్రావణాన్ని బోరోసిలికేట్ గాజుతో కలిపి కరిగించి, స్టీలు డబ్బాల్లో పోసి, గాలి ఆడే నిల్వ గదుల్లో ఏళ్ల తరబడి చల్లారబెడతారు. ఆ తర్వాత లోతైన రాతి పొరల్లో శాశ్వతంగా పూడ్చాలి. అలాంటి చోటు దేశంలో ఇంకా ఒక్కటీ లేదు. కేజీఎఫ్‌లో 1980ల్లో జరిగింది ప్రయోగం మాత్రమే. సుమారు వెయ్యి మీటర్ల లోతున హీటర్లు పెట్టి, వేడికి రాయి ఎలా మారుతుందో కొలిచారు. అక్కడ వ్యర్థాలేవీ పూడ్చలేదు.

సీజియం-137 సగం తగ్గడానికి 30 ఏళ్లు, ప్లుటోనియం-239కి 24 వేల ఏళ్లు. అంత కాలాన్ని లెక్కగట్టాల్సింది భూగర్భ శాస్త్రం. జనం ఒప్పుకుంటే పగుళ్లున్న రాయి గట్టిపడదు, వద్దంటే గట్టి రాయి పగిలిపోదు.

గని_కాలనీ_అమ్మాయి (చిత్తూరు):
సార్, మీరు చెప్పిన రాయి పక్కనే నేను పెరిగాను. చిత్తూరు జిల్లా నుంచి కేజీఎఫ్‌కు గనిపనికి వెళ్లిన కుటుంబాల్లో మాదీ ఒకటి. లోపల రాయి పేలితే ఇళ్లలో సామాన్లు అదిరేవి. రాక్‌బర్స్ట్ అనే మాట మాకు చిన్నప్పుడే తెలుసు. గని మూసేశాక పంపులు ఆగి లోపలంతా నీళ్లు నిండాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు, వందేళ్లకు మించి తవ్విన సొరంగాలు. అణు వ్యర్థాలకు నీళ్లు తగలని చోటు కావాలంటారు కదా, మరి ఇక్కడే ఎందుకు పెట్టాలనుకున్నారు? తవ్విన గొయ్యి చేతికి దొరికిందనే తప్ప, రాయి మంచిదని కాదేమో.

ఇంకోమాట. బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బలు ఊరి నడుమ ఇప్పటికీ ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకే. ఆ దిబ్బల సంగతే తేల్చనివాళ్లు వేల ఏళ్ల వ్యర్థాలకు కాపలా కాస్తామంటే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

న్యూక్లియర్‌మెడిసిన్_తిరుపతి:
అక్క చెప్పిన నమ్మకం గురించి నా అనుభవం రాస్తాను. చాలా చిన్న స్థాయిది.

థైరాయిడ్ క్యాన్సర్ రోగులకు అయోడిన్-131 ఇస్తాం. వాళ్ల మూత్రం నేరుగా డ్రైనేజీలోకి పోకూడదు, ట్యాంకుల్లో ఆపాలి. ఆ అయోడిన్ 8 రోజులకు సగమవుతుంది, 80 రోజులకు దాదాపు వెయ్యో వంతుకు తగ్గుతుంది. ఆ తర్వాత కొలిచి వదులుతాం. ఇందులో తప్పు జరిగే అవకాశం తక్కువ. కానీ నేను ముందు పనిచేసిన చోట చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. "రేడియేషన్ ట్యాంకు" అన్న మాట ఎలాగో బయటికి పొక్కింది. పిల్లల్ని ఆ వీధిలో ఆడుకోనివ్వడం మానేశారు. చివరికి ఒక ఆదివారం మీటరు తీసుకెళ్లి వాళ్ల గుమ్మాల్లోనే కొలిచి చూపించాం. అప్పుడొక పెద్దాయన, "కరెంటు పోతే మీ పంపు ఎట్ల పనిచేస్తుంది?" అని అడిగారు. మా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాతే ఆ పంపుకు వేరే కరెంటు లైను వేశారు. చదువుకున్న మా కళ్లకు అది కనబడలేదు.

తిరుపతి_లెక్చరర్:
కేజీఎఫ్ గురించి అమ్మాయి చెప్పినది ఒప్పుకుంటున్నాను. పాత గనిని వాడుకోవడం తేలికగా కనిపిస్తుంది గానీ, అనుభవం వేరు. జర్మనీలో ఆస్సే అనే పాత ఉప్పు గనిలో 1967 నుంచి 1978 వరకు సుమారు 1,26,000 డబ్బాల అణు వ్యర్థాలు పెట్టారు. లోపలికి నీళ్లు ఊరుతున్నాయని తెలిసి, ఇప్పుడు వాటిని బయటికి తీసే పనిలో పడ్డారు.

కానీ నా అసలు టెన్షన్ ఇంకొకటి. ఊరికి వద్దనే హక్కు ఇస్తే ప్రతి ఊరూ వద్దంటుంది. అమెరికాలో వ్యర్థాలు పూడ్చడానికి యక్కా కొండను 1987లో చట్టంతో ఎంపిక చేశారు, నెవడా రాష్ట్రం పట్టువదలక పోరాడితే 2010 నాటికి పని ఆగింది. వ్యర్థం మాత్రం రియాక్టర్ల పక్కనే పడి ఉంది. అలా నేలమీద ఉండటం కూడా ప్రమాదమే కదా? దాని బరువు ఎవరు మోయాలి?

కుప్పం_రైతు:
సార్, యక్కా కొండ కథలో ఊరు వద్దన్నది చివర్లో. ముందే ఢిల్లీలాంటి చోట కూర్చుని పేరు రాసేశారు. వరస తిరగేస్తే ఏమవుతుందో స్వీడన్లో చూడండి. 1980ల్లో చెప్పకుండా డ్రిల్లింగుకు వెళ్లి జనంతో తన్నులాటలు పడ్డారు. తర్వాత ఎవరైనా ముందుకొస్తారా అని ఊళ్లను అడిగారు. స్టోరుమాన్ అనే ఊరు 1995లో, మాలో అనే ఊరు 1997లో ఓటేసి వద్దన్నాయి. వదిలేసి వెళ్లారు. చివరికి ఫోర్స్‌మార్క్ కుదిరింది, 2022లో ప్రభుత్వం సరే అంది. అంతకుముందు 2018లో అక్కడి పర్యావరణ కోర్టు, వ్యర్థాలు పెట్టే రాగి డబ్బాలు తుప్పు పట్టవని ఇంకా రుజువు చూపండి అంది. ఆ ప్రశ్నను పట్టువదలకుండా అడిగిన వాళ్లలో పర్యావరణ సంఘాలున్నాయి. వాళ్ల పనికి కొన్నేళ్లు వ్యర్థాల నిధి నుంచే డబ్బిచ్చారు. వ్యతిరేకించేవాడికి ఖర్చులిచ్చి లెక్క సరిచూసుకోవడం అంటే అదే.

ఫిన్లాండులో ఎవురాయోకి అనే చిన్న మునిసిపాలిటీకి చట్టంలోనే వద్దనే హక్కుంది. 2000లో కౌన్సిలు 20-7తో ఒప్పుకుంది. అక్కడ అప్పటికే రియాక్టర్లున్నాయి, ఇళ్లూ జీతాలూ వాటి మీదే. అందుకే ఒప్పుకున్నారన్నా కాదనను. కానీ అడిగారు.

అక్కడ వ్యర్థాలు పూడ్చే సొరంగం లోతు నాలుగు వందల మీటర్లకు పైన. అంటే సుమారు 1,400 అడుగులు. ఈ అంకె చూసి నాకు నిద్రపట్టలేదు. మా పల్లెల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి చాలా కాలమైంది. నేనే 1,200 వరకు వేశాను, రెండు ఎండిపోయాయి. రెండు వందల ఏళ్ల తర్వాత బోర్డులు చెరిగిపోయి, భాష మారిపోయి, కరువొచ్చి ఎవడో రైతు రిగ్గు తెచ్చి దింపితే? గట్టి గ్రానైట్‌లో మాకు నీళ్లు దొరికేది పగుళ్లలోనే. మీరు వ్యర్థానికి దూరంగా ఉంచాలనుకునేవి, మేం అప్పులు చేసి వెతుక్కునేవి, ఆ పగుళ్లే. ఏ పొలంలో ఎన్ని అడుగులకు నీళ్లు తగిలాయో, ఏ బోరు వేస్తే పక్క బోరు ఆగిందో మా ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. దీన్ని జనం భయం అని పక్కన పెడతారా, సమాచారం అని రాసుకుంటారా?

మన పక్క కడప జిల్లాలోనే తుమ్మలపల్లె చూడండి. యురేనియం శుద్ధి చేశాక మిగిలిన బురద చెరువు వల్ల బోర్ల నీళ్లు చెడ్డాయని రైతులు, కాదని ఆ గని నడిపే సంస్థ. మొదటి రోజు నుంచే ఇద్దరూ కలిసి నీళ్లు కొలిచి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

గని_కాలనీ_అమ్మాయి (చిత్తూరు):
కెనడాలో 1998లో ఒక ప్రభుత్వ సమీక్షా సంఘం ఇదే మాట చెప్పింది. లోతున పూడ్చే పద్ధతి సాంకేతికంగా ఆలోచన దశకు సరిపడా రుజువైంది, సామాజికంగా కాలేదు, కాబట్టి ఇలాగే ముందుకు పోవద్దంది. వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 2024లో ఇగ్నేస్ పట్టణం, వాబిగూన్ లేక్ ఒజిబ్వే ఆదివాసులు ఒప్పుకున్నాకే చోటు ఖాయమైంది. పాతికేళ్లు పట్టింది సార్. 24 వేల ఏళ్ల వస్తువుకు పాతికేళ్లు ఎక్కువా?

తిరుపతి_లెక్చరర్:
ఎక్కువ కాదు. వద్దనే హక్కు మీద నా అనుమానం ఇంకా తీరలేదు, దాని మీద మళ్లీ వాదిస్తాను. కానీ బోర్ల మాట నాకు తట్టలేదు. కుప్పం బాబూ, మీ ఊళ్లో బోర్లు వేసినవాళ్లను అడిగి ఒక పట్టిక రాసి పెట్టగలవా? ఎన్ని అడుగుల బోరు, ఎన్ని అడుగులకు నీళ్లు, ఏ ఏడాది, ఎండినవి కూడా. భూగర్భ శాస్త్రం చెప్పే పాత స్నేహితుడు ఒకరున్నారు, ఇద్దరం కలిసి చూస్తాం.

కుప్పం_రైతు:
ఈ ఆదివారం మొదలుపెడతా సార్. మా వీధిలోనే పదిహేడు ఉన్నాయి.